మా ఉత్త సీసా మేడం

మా మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆవిడ మీదే విసుక్కుంటూ ఉన్నాను.

గ్రేటర్ నోయిడా చివర, అరటి పిలకలూ బంగాళాదుంప మొక్కలూ సీసాల్లో పెంచి రైతులకు అమ్మే కంపెనీలో నా ఉద్యోగం. ఆ పొద్దున మా ప్రొడక్షన్ మేనేజర్ కల్చర్ రూమ్‌లోకి వచ్చి, ప్రతి అర చివరా పేరు రాయని సీసాలు కొన్ని ఉండటం చూసి, "ఇవెందుకు మేడమ్‌జీ, జాగా దండగ కదా" అన్నాడు. యాంటీబయాటిక్ కలపని సీసాలవి. ఎందుకు పెడతానో అతనికి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి వేరే ఉంది, వెళ్లి ఆవిడనే అడగవయ్యా అని మనసులో అనుకుంటుంటే ఫోన్ మోగింది. మేడం భర్త. ఆయన్ని నేను అంకుల్ అంటాను.

"మీ మేడం పోయిందమ్మా, తెల్లారగట్ల" అన్నారు. వస్తున్నానని చెప్పి పెట్టేశాను. మేనేజర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "ఆ సీసాల మీద చెయ్యి వేశారంటే ఊరుకోను" అని అరిచి బయటికి వచ్చాను. పాపం, అతనికి ఏమీ అర్థమై ఉండదు.

క్యాబ్‌లో కూర్చుని చూస్తే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు అప్పటికే నిండిపోయింది. అమ్మలాంటి గురువు. ప్రేమమూర్తి. చిరునవ్వు చెరగని మనిషి. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఎవరి గురించి రాస్తున్నారు వీళ్లు? చిరునవ్వా? ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసిన ఏళ్లలో ఆవిడ నవ్వగా నేను చూసింది, ఎవరి సీసాలోనో బూజు పట్టినప్పుడు మాత్రమే. అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్లను పొగడటం మంచి అలవాటే, కానీ మనిషిని మార్చేసి పొగిడితే పోయినది ఎవరో మనకే తెలియకుండా పోతుంది. మా మేడం మహా విసిగించే మనిషి. ముందు అది ఒప్పుకుని, మిగతావి మాట్లాడుకుందాం.

టిష్యూ కల్చర్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఆకులోంచి గోరంత ముక్క కోసి, చక్కెరా లవణాలూ హార్మోన్లూ కలిపిన జెల్లీ మీద పెడితే, అదృష్టం బాగుంటే ఆ ముక్కలోంచి కొత్త మొలకలు వస్తాయి. ఆ జెల్లీ మొక్కకెంత విందో బూజుకీ బాక్టీరియాకీ అంతే విందు. అందుకని అన్నీ ఉడికించి, చేతులు స్పిరిట్‌తో కడుక్కుని, ఊపిరి బిగబట్టి పని చేస్తాం. మొక్కలోకి కొత్త జన్యువు పంపాలంటే మాత్రం మేమే ఒక మట్టి బాక్టీరియాని పిలుస్తాం. అది జన్యువును మోసుకెళ్లి ఆకు కణాల్లో దింపుతుంది. పని అయ్యాక అది పోదు, ఆకు ముక్కను తినేస్తూ కూర్చుంటుంది. దాన్ని చంపడానికి జెల్లీలో యాంటీబయాటిక్ కలుపుతాం. మనకి జ్వరం వస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందే.

ఇక్కడిదాకా అందరూ చేసేదే. మా మేడం పట్టుదల ఇక్కడి నుంచి మొదలవుతుంది. బాక్టీరియాని చంపే మందు మొక్కని ఊరికే వదిలిపెడుతుందా? ఒక పంటలో అదే మందు మొలకల్ని ఆపేస్తుంది. ఇంకో పంటలో ఆకుల్ని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. మరో పంటలో, మరో మోతాదులో, విచిత్రంగా మొలకల్ని పెంచుతుంది. మందు విరిగినప్పుడు పుట్టే పదార్థం మొక్క హార్మోన్‌లా పనిచేస్తుందేమోనని కొందరి ఊహ. ఇది తేలాలంటే, బాక్టీరియా తగలని శుభ్రమైన ఆకు ముక్కల్ని కొన్ని మందున్న సీసాల్లో, కొన్ని మందు లేని సీసాల్లో పెట్టి పోల్చాలి. మందు లేనిదాన్ని ఆవిడ ఉత్త సీసా అనేవారు. దాని మీద ఏమీ రాయనిచ్చేవారు కాదు. "కలిపినదాని మీద ఏం కలిపావో రాస్తావు. ఏమీ కలపనిదాని మీద ఏం రాస్తావమ్మాయ్?" అనేవారు. హిందీవాళ్లూ ఒడియావాళ్లూ ఉన్న మా ల్యాబులో అందరికీ వచ్చిన ఒకే ఒక తెలుగు మాట ఉత్త సీసా.

ఈ పోల్చే జబ్బు ల్యాబుతో ఆగితే బాగుండేది. అప్పట్లో వాళ్లు సరోజినీ నగర్‌లో గవర్నమెంట్ క్వార్టర్‌లో ఉండేవారు. అంకుల్ ఒక మంత్రిత్వ శాఖలో ఆఫీసరు. నేను ఢిల్లీ వచ్చిన కొత్తలో, చలికి బట్టలు కొనిపెడతానని మేడం నన్ను అక్కడి మార్కెట్‌కి తీసుకెళ్లారు. అంత రద్దీలో కుర్తీల కుప్ప ముందు నిలబడి, ఒకే రంగు ఒకే సైజువి రెండు తీశారు. రెండెందుకు మేడం అంటే, ఒకటి ఉతుకుతారట, ఒకటి ఉతకరట. "పక్కన పెట్టి చూడ్డానికి ఇంకోటి లేకపోతే రంగు వెలిసిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. కుర్తీలమ్మే అతను నా వైపు చూసి, "ఆంటీ ఠీక్ హై నా?" అని మెల్లగా అడిగాడు. ఠీక్ హై భయ్యా అన్నాను. అప్పటికి నాకూ అనుమానంగానే ఉంది.

పులుసులో ఇంగువ వేసే ముందు ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టడం, జ్వరం మాత్ర వేసుకునే ముందు ఒక పూట ఆగి చూడటం, ఇలాంటివి ఆ ఇంట్లో మామూలు. "నన్ను చేసుకునే ముందు ఇంకో మొగుణ్ణి పక్కన పెట్టి చూడలేకపోయానని ఈవిడ బాధ" అని అంకుల్ అంటే, "అవును, ఆ ఒక్కటే కుదర్లేదు" అని మేడం మొహం మార్చకుండా అన్నారు.

ల్యాబులో ఆవిడ అలవాట్లు కొన్ని నాకు పూర్తిగా అంటుకున్నాయి. జెల్లీ ఉడికించి తీశాక, అది చల్లారనిదే మందు కలపకూడదు, వేడికి విరిగిపోతుంది. మరీ చల్లారితే గడ్డకడుతుంది. ఎప్పుడు కలపాలో చెప్పడానికి థర్మామీటర్లు ఉన్నాయి. మేడం మాత్రం ఫ్లాస్కు ఎత్తి చెంపకి ఆనించుకునేవారు. "చెంప ఒప్పుకుంటే మందూ ఒప్పుకుంటుంది" అనేవారు. కల్చర్ రూమ్‌లోకి రాగానే ట్యూబులైటు కింద సీసా పైకెత్తి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఏదో నేరస్తుణ్ణి చూసినట్టు చూసేవారు. మొక్క బాగా రాకపోతే ఏమీ అనరు. బాగా వచ్చిందా, మొదలు. "ఇంత అందంగా ఎందుకొచ్చింది? అందంగా వస్తే ముందు అనుమానించు." అన్నట్టు, ఆవిడ వంకాయ కూర తినరు. మా పంట వంకాయే. రోజంతా దాని మొహమే చూస్తాను, ఇంటికెళ్లి కూడా దాన్నే చూడాలా అనేవారు.

ఇప్పుడు నా గొడవకొస్తాను.

నా పీహెచ్‌డీ పని ఉప్పు నేలను తట్టుకునే వంగ మొక్క కోసం. దానికి ముందుగా, వంగ ఆకు ముక్కలోంచి దండిగా మొలకలు రప్పించే హార్మోన్ల మిశ్రమం ఒకటి కనిపెట్టాలి. అది దొరికితే సగం థీసిస్ అయినట్టే. ఆ ఏడాది ఢిల్లీలో వానలు తెగ పడ్డాయి. ల్యాబులో ఏసీ రోజు విడిచి రోజు మొరాయించేది. గోడలు చెమ్మగిల్లి, ఎంత శుభ్రంగా పెట్టినా సీసాల్లో జెల్లీ పాలలా తెల్లబడిపోయేది. శ్రమంతా మురిగిపోతుంటే ఒకరోజు నేను ఏడ్చేశాను. మేడం కాసేపు చూసి, "సరే, ఈ వానలు పోయేదాకా అన్నిటిలోనూ మందు వేసుకో" అన్నారు. బాక్టీరియా పెట్టని సీసాల్లో కూడా అన్నమాట. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం ఎంత పెద్ద విషయమో మీకిప్పుడు తెలుసు.

వేసుకున్నాను. సీసాలు తేరుకున్నాయి. ల్యాబులో మందు అయిపోతే మునిర్కాలో నా అద్దె గది కింద ఉన్న మెడికల్ షాపులో ఇంజెక్షన్ సీసాలు కొనేదాన్ని. చీటీ లేకుండా ఇవ్వనంటే మేడం లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. షాపతను అది చదివి, "మరీజ్ కా నామ్?" అన్నాడు. రోగి పేరు కావాలట. "బైంగన్" అన్నాను. అతను నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, కంప్యూటర్‌లో నిజంగానే వంకాయ అని కొట్టాడు. ఆ బిల్లు ల్యాబు తలుపుకి చాలాకాలం అంటించి ఉంది.

వానలు పోయాయి. చలికాలం వచ్చింది. మందు ఆపమని ఆవిడ అనలేదు, నాకూ తోచలేదు. ఎందుకు తోస్తుంది? నా కొత్త హార్మోన్ మిశ్రమం మీద వంగ ముక్కలు గుబురుగా మొలకలెత్తుతున్నాయి. ఒక్కో గోరంత ముక్క మీద చిన్న ఆకుపచ్చ తోట. పక్క ల్యాబులవాళ్లు చూడ్డానికి వచ్చేవారు. మేడం కూడా రోజూ ఒకసారి వచ్చి సీసా ఎత్తి చూసి వెళ్లేవారు. ఏమీ అనేవారు కాదు. ఇంత గుబురుగా వచ్చినా ఆవిడ ఏమీ అనకపోవడం కంటే పెద్ద మెచ్చుకోలు ఉండదని మురిసిపోయాను. థీసిస్ రాశాను. నోయిడాలో ఒక విత్తనాల కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, చేరే తేదీ కూడా వచ్చింది. హన్మకొండలో అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది.

థీసిస్ ఇచ్చే ముందు ఒక మధ్యాహ్నం మేడం నా చివరి అధ్యాయం చేత్తో పట్టుకుని కల్చర్ రూమ్‌లోకి వచ్చారు. సీసా ఎత్తలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"ఇవన్నీ మందున్న సీసాలేనా?"

"అవును మేడం. వానలప్పటి నుంచి అట్లనే ఉన్నయి కద."

"ఈ మిశ్రమాన్ని మందు లేకుండా ఎప్పుడైనా పెట్టావా? ఉత్త సీసాలో?"

"పెట్టలే మేడం."

ఆవిడ మొహంలో రంగు పోయింది. కోపమనుకున్నాను. "అయితే ఇందులో మొలకెత్తించింది నువ్వా, మందా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే, "మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అని కాగితాలు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు.

వెనకాలే పరిగెత్తాను. "మేడం, మీరే కద వేసుకొమ్మన్నరు! ఉద్యోగం పోతది మేడం. తేదీ ఇచ్చిన్రు" అన్నాను. కారిడార్‌లో అందరూ చూస్తున్నారు. ఆవిడ వెనక్కి తిరగలేదు. మర్నాడు నా బల్ల మీద వంగ విత్తనాల పొట్లం ఒకటి ఉంది. ఓదార్పు మాట లేదు, క్షమించమనడం లేదు. విత్తనాలు.

మొదటి నుంచి పెట్టాను. విత్తనాలు శుభ్రం చేసి, మొలకెత్తించి, ఆకులు కోసి, సగం మందులో, సగం ఉత్తవాటిలో. పంతానికి ఇంకో వరస కూడా పెట్టాను, అందరూ వాడే పాత మిశ్రమంలో మందు కలిపి. ఫలితం మీరు ఊహించే ఉంటారు. మందున్న సీసాల్లో నా మిశ్రమమైనా, పాత మిశ్రమమైనా ఒకేలా గుబురు. ఉత్త సీసాల్లో ఆకు ముక్కలు ఉబ్బి గడ్డల్లా మారాయి తప్ప మొలకలు అక్కడొకటి, ఇక్కడొకటి. అవి కూడా సన్నగా, ఎటో చూస్తున్నట్టు. నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఆ తోటంతా ఇంజెక్షన్ మందు పెంచిన తోట.

ఉద్యోగం పోయింది. అమ్మ ఫోన్ చేసి, "ఇంకెన్నొద్దులు బిడ్డా? అందరు అడుగుతున్నరు, ఏం చెప్పాలె?" అనేది. వంకాయ నన్ను మోసం చేసిందని ఆమెకి ఎలా చెప్పను? ఏడాదికి పైగా పట్టింది మళ్ళీ రాయడానికి. వంగ ముక్కల మీద యాంటీబయాటిక్స్ ప్రభావమే థీసిస్ అయింది. ఏ మందు ఎంత మోతాదు దాకా మొలకల్ని పెంచుతుంది, ఎక్కడ దాటితే మాడ్చేస్తుంది, మందు తీసేశాక అణిగి ఉన్న బాక్టీరియా ఎలా బయటపడుతుంది, ఇవీ అధ్యాయాలు. బాగానే వచ్చింది. పరీక్షకులు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు గొంతు దిగలేదు.

ఎందుకంటే ల్యాబులో అప్పటికే ఒక కథ పుట్టింది. రోహ్‌తక్ నుంచి వచ్చిన మా సీనియర్ ఒకతను మేడం భక్తుడు. "మేడంకి మొదటి నుంచీ తెలుసు. నీకు పరీక్ష పెట్టింది, యార్. నీ అంతట నువ్వు తెలుసుకోవాలని ఏడాది ఆగింది. క్యా టీచర్ హై!" అనేవాడు. అందరూ అదే నమ్మారు. నేనూ నమ్మాను, అదే నా బాధ. తెలిసీ రోజూ వచ్చి సీసాలు ఎత్తి చూసి, నేను మురిసిపోతుంటే చూస్తూ ఊరుకున్నారా? పాఠం చెప్పడానికి నా ఏడాది వాడుకున్నారా?

వైవా అయిన రోజు అడిగాను. "మేడం, మీకు ముందే తెలుసా?" ఆవిడ, "టీ తాగుతావా?" అన్నారు. ఆవిడ రిటైరైన రోజు పూలదండలు తీసేశాక మళ్ళీ అడిగాను. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మాయ్" అని చేతిసంచి సర్దుకున్నారు. అవునని చెబితే పోట్లాడేదాన్ని, కాదంటే ఊరుకునేదాన్ని. ఏదీ చెప్పకుండా ఇన్నేళ్లు నానబెట్టారు. ఈ మధ్యకాలంలో వాళ్లు నోయిడాలో సొసైటీ ఫ్లాట్‌కి మారాక తరచు వెళ్లేదాన్ని. గోంగూర పచ్చడి పెట్టేవారు. మా కంపెనీ అరటి సీసాల గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, "ఉత్తవి పెడుతున్నావా?" అని తప్పకుండా అడిగేవారు. నా ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో ఎవరూ కదపని బరువైన బీరువాలా ఉండిపోయింది.

ఇన్‌స్టిట్యూట్‌లో సంతాప సభ పెట్టారు. రోహ్‌తక్ సీనియర్ ఇప్పుడు పెద్ద ప్రొఫెసర్. మైకు పట్టుకుని నా కథే చెప్పాడు. మేడం అంతా తెలిసి, మౌనంగా ఉండి, శిష్యురాలికి సత్యం చూపించారట. జనం తలలు ఊపారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నన్ను కూడా మాట్లాడమన్నారు. లేస్తే ఏమంటానో నాకే నమ్మకం లేక, గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. చనిపోయిన మనిషి మీద కోపంగా ఉండటం ఎంత చికాకో తెలుసా? ఎదురుగా ఉంటే కనీసం మొహం మాడ్చుకోవచ్చు.

సభ అయ్యాక అంకుల్‌ని ఇంటి దగ్గర దింపడానికి నేనే వెళ్లాను. దారిలో ఆయన ఆసుపత్రి సంగతులు చెప్పారు. వానల్లో పట్టిన జ్వరం నెమ్ముగా మారిందట. చేతికి సూది ఉండగానే మేడం ఆ కుర్ర డాక్టరుని, "ఈ మందు క్రిమిని చంపుతుంది సరే బాబూ, నన్నేం చేస్తుందో విడిగా చూశారా?" అని అడిగారట. "ఆంటీ, ప్లీజ్ రెస్ట్ కీజియే" అన్నాడట డాక్టరు. మందులు మాత్రం అన్నీ బుద్ధిగా వేయించుకున్నారట. చివరికి గుండె తట్టుకోలేదు. అంకుల్ చెబుతూ నవ్వబోయి ఆగిపోయారు.

ఇంట్లో కూర్చున్నాక ఇక ఉండబట్టలేకపోయాను. "అంకుల్, అందరూ అంటున్నట్టు మేడంకి ముందే తెలుసా? నా మొలకలు మందు వల్ల వస్తున్నాయని?"

ఆయన నన్ను వింతగా చూశారు. "మీ మేడంకా? ఏం తెలుసమ్మా ఆవిడకి? ఏమీ తెలీదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. ఏంటే అంటే, వానలు పోయేదాకా వేసుకోమన్నాను, ఆపమనడం మర్చిపోయాను అంది. రోజూ వెళ్లి ఆ మొలకలు చూసి నేనూ మురిసిపోయాను, అనుమానించనే లేదు, ఆ పిల్ల ఏడాది పోగొట్టాను అంది. ఆ రాత్రి అన్నం తిన్లేదు."

"మరి నాకు చెప్పొచ్చు కదా అంకుల్?" అన్నాను.

"నేనూ అదే అన్నాను. చెప్పెయ్యవే, పోయేదేముంది అన్నాను. చెబితే తప్పు నాదని నా మీద నెట్టేసి ఊరుకుంటుంది, మొక్క ఏం చెబుతుందో చూడదు, ముందు చూడనీ అంది. చూశాక చెప్పమన్నాను. అప్పటికి ఆ సీనియర్ కుర్రాడు మేడం మహానుభావురాలని ఊరంతా చాటేశాడు. ఇంక సిగ్గేసింది. నువ్వు అడిగావని రెండుసార్లూ ఇంటికొచ్చి చెప్పింది. ఏమన్నావే అంటే, టీ ఇచ్చాను అంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఒక్క మాట అంటే ఏం పోయేది మేడం? నేనూ మోసపోయానమ్మాయ్ అని ఒక్క ముక్క. నా ఏడాది మీరు లాక్కున్నారని ఇన్నేళ్లు కుమిలాను. మనిద్దరం ఒకే సీసాని చూసి ఒకేలా మురిసిపోయామని తెలిస్తే ఆ ఏడాది నాకంత చేదుగా ఉండేదే కాదు. ప్రతిదానికీ పక్కన ఇంకొకటి పెట్టి చూసే మనిషి, నా బాధ పక్కన తన బాధ పెట్టి చూపించలేకపోయింది. కోపం మళ్ళీ వచ్చింది. కానీ ఇది వేరే కోపం. ఇంట్లోవాళ్ల మీద వచ్చేలాంటిది.

"ఇటు రా, ఒకటి చూపిస్తాను" అని అంకుల్ బాల్కనీ తలుపు తీశారు. అక్కడ రెండు కుండీల్లో రెండు వంగ మొక్కలు. వంకాయ మొహం చూడనన్న మనిషి ఇంట్లో! నేను తెల్లబోయాను.

"నీవేనమ్మా. నీ ఉత్త సీసాల్లో వచ్చిన ఆ నాలుగు మొలకలూ పారేస్తారేమోనని తెచ్చి వేళ్లు పోయించింది. వాటిలో బయటి నుంచి పెట్టిన జన్యువులూ గిన్యువులూ ఏం లేవు, ఇంట్లో పెంచుకోవచ్చు అంది. అప్పటి నుంచి ఏటా ఆ విత్తనమే దాచి, ఆ విత్తనమే వేస్తోంది. కాయలు పక్క ఫ్లాటువాళ్లకి ఇచ్చేది."

ఒక కుండీకి తెల్ల టేపు మీద మేడం రాత, ఎండకి సగం పోయి ఉంది. వంటింటి ఎరువు అని ఉన్నట్టుంది. రెండో కుండీ మీద ఏమీ రాసి లేదు. అంటే ఆవిడ ఇక్కడ కూడా పోల్చి చూస్తున్నారు.

"అంకుల్, దేనికి ఏం పోస్తున్నారు?"

"ఆవిడ ఆసుపత్రికెళ్లినప్పటి నుంచి నేనే చూస్తున్నా. పాపం, రెండూ ఆవిడవే కదా అని రెండిటికీ ఎరువు నీళ్లే పోస్తున్నా."

"అయ్యో, రెండిటికీ పోస్తే ఎలా అంకుల్? మొత్తం పాడైపోయింది!" అని అరిచాను. అరిచాక ఆ గొంతు ఎవరిదో నాకే తెలిసింది. అంకుల్‌కీ తెలిసినట్టుంది. ఆయన కళ్లు నిండాయి, కానీ మొహంలో ఎన్నాళ్లకో చిన్న నవ్వు.

"మరిప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టాలి. విత్తనాలు ఎక్కడున్నాయి?"

లోపల డబ్బాలో ఉన్నాయన్నారు. ఈలోపు వీటిని ఎండనివ్వలేం కదా అని, మగ్గుతో నీళ్లు ముంచుకొచ్చి, పేరు లేని కుండీ మీదికి వంచబోతూ ఆగి నా వైపు చూశారు.

"దీనికి ఉత్త నీళ్లేనా?"

"ఉత్త నీళ్లే అంకుల్."

ఆయన మగ్గు వంచి నెమ్మదిగా పోస్తుంటే ఆకులు కదిలాయి. అడుగున, ఎవరూ చూడని చోట, ఒక వంగ పువ్వు తల వంచుకుని ఉంది.